నూరు వరహాల చిగుళ్ళు పసుపెక్కుతున్నాయి: ఇది తెగులా, ఆకలా, బోరు నీళ్ళ దోషమా?

హన్మకొండ_వాకిలి
మా ఇంటి ప్రహరీ గోడ పొడవునా నూరు వరహాల మొక్కలు వరుసగా పెట్టుకున్నాము. నాటిన మొదటి ఏడాది ఎర్రటి గుత్తులతో గోడ కనబడనంతగా పూశాయి. ఈ ఉగాది నాటికి కొత్తగా వచ్చే చిగుళ్ళన్నీ లేత పసుపు రంగులోకి మారిపోయాయి. ఆకంతా పసుపైనా ఈనెలు మాత్రం పచ్చటి గీతలుగా స్పష్టంగా కనబడుతున్నాయి. కొన్ని కొమ్మల చివర ఆకులు దాదాపు తెల్లబడి, అంచులు మాడి రాలిపోతున్నాయి. పూల గుత్తులు కూడా చిన్నవైపోయాయి. మొక్కలు కొన్న చోట అడిగితే అది తెగులని చెప్పి ఒక మందు డబ్బా ఇచ్చారు. దాన్ని చల్లినా చిగురు రంగులో మార్పు రాలేదు. తరువాత పెంట ఎరువు, దానితోపాటు డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు) వేశాము. పసుపు పెరిగిందే తప్ప తగ్గలేదు. పోసేవి బోరు నీళ్ళే. అసలు కారణం తేలకుండా ఇంకో డబ్బా కొనదలచుకోలేదు. ఇటువంటిది చూసినవారు దయచేసి చెప్పండి.

మేడమీద_మందారం
మా మేడ మీద కుండీల్లోని మందారాలకూ ఆకులు పసుపెక్కుతున్నాయి. కారణం ఒకటే అయితే నాకూ ఈ చర్చ పనికివస్తుంది.

చల్కనేల
ఏ ఎరువు వేయాలో చెప్పే ముందు నాలుగు విషయాలు తెలియాలి. పసుపు మొదలైంది లేత ఆకుల్లోనా, ముదురు ఆకుల్లోనా? గోడకు దగ్గరగా ఉన్న మొక్కలకు, దూరంగా ఉన్నవాటికి తేడా ఉందా? నేల చల్కనా, రేగడా, లేక ఇల్లు కట్టినప్పుడు పోయించిన మొరమా? నీళ్ళు ఆరిన తరువాత పాదులో తెల్లటి పొర కనబడుతోందా?

హన్మకొండ_వాకిలి
పసుపు లేత ఆకుల్లోనే మొదలైంది. కింది ముదురు ఆకులు ఇప్పటికీ ముదురు పచ్చగానే ఉన్నాయి. గోడకు ఆనుకుని ఉన్న మొక్కలే బాగా దెబ్బతిన్నాయి, గేటు పక్కన కాస్త ఎడంగా ఉన్న రెండు మొక్కలు చాలా నయంగా ఉన్నాయి. నేల ఎర్ర చల్క, కానీ గోడ కట్టినప్పుడు మేస్త్రీలు సిమెంటు కలిపింది అక్కడే, మిగిలిన కంకర, ఇసుక పూడ్చేసిందీ అక్కడే. పాదుల్లో తెల్లటి పొర ఉంది. బకెట్ల లోపలా ఉంది, వేణ్ణీళ్ళు కాచే గిన్నె అడుగునా ఉంది.

రసాయనం_సారు
హన్మకొండ_వాకిలి గారు, మీ జవాబులోనే మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు ఉంది. ఇది ఇనుము లోపం, అయితే నేలలో ఇనుము లేకపోవడం వల్ల వచ్చింది కాదు. మన వరంగల్ చల్క నేలకు ఆ ఎరుపు వచ్చిందే ఇనుము ఆక్సైడుల వల్ల. ఇనుము పుష్కలంగా ఉన్న నేలలో నిలబడి మొక్క ఇనుము అందక పాలిపోతోంది, ఎందుకంటే వేరు తాగగలిగేది నీటిలో కరిగిన ఇనుమును మాత్రమే. నేల పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని చూపే అంకె) ఒక్క అంకె పెరిగితే నీటిలో కరిగే ఫెర్రిక్ ఇనుము, అంటే తుప్పులో ఉండే రూపం, దాదాపు వెయ్యో వంతుకు పడిపోతుంది. నూరు వరహాలకు 5.5 నుంచి 6.5 వరకు పీహెచ్ ఉన్న, అంటే కొంచెం ఆమ్లత్వం ఉన్న నేల సరిపడుతుంది. సిమెంటు, సున్నం కలిసిన మట్టి 8 దాటడం మామూలే. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు పుడుతుంది, అది గోడ పునాది పక్క మట్టిలోకి ఏళ్ళ తరబడి దిగుతూనే ఉంటుంది; గోడ పక్క మొక్కలు ఎక్కువగా, గేటు పక్కవి తక్కువగా దెబ్బతినడానికి కారణం అదే.

దీనికి బోరు నీళ్ళు తోడయ్యాయి. గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర కాల్షియం కార్బొనేటు. నీటిలో బైకార్బొనేట్ల రూపంలో ఉన్నది, కాచినప్పుడూ ఎండినప్పుడూ అలా పేరుకుంటుంది. నూరు వరహాల వంటి మొక్క ఇనుము కోసం తన వేళ్ళ చుట్టూ కొంచెం ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, బోరు నీటిలోని బైకార్బొనేట్లు ఆ ఆమ్లాన్ని అక్కడికక్కడే విరిచేస్తాయి. రోజూ శ్రద్ధగా నీళ్ళు పోసే ఇంట్లోనే మొక్క ఎక్కువగా పాలిపోవడం అందుకే చూస్తుంటాము.

లేత ఆకులా, ముదురు ఆకులా అని చల్కనేల గారు అడిగిన ప్రశ్న చాలా ముఖ్యమైనది. ఒకసారి ఆకులో చేరిన ఇనుమును మొక్క అక్కడి నుంచి తీసి కొత్త చిగురుకు పంపలేదు, కాబట్టి లోపం ముందు చిగురులో బయటపడుతుంది. మెగ్నీషియం అలా కాదు; చాలకపోతే మొక్క ముదురు ఆకుల నుంచి లాగి చిగురుకు ఇస్తుంది, కాబట్టి ఆ లోపంలో కింది ఆకులు ఈనెల మధ్య పసుపెక్కుతాయి. నత్రజని తక్కువైతే కింది ఆకులు ఈనెలతో సహా మొత్తంగా పాలిపోతాయి.

డీఏపీ ఇక ఆపేయండి. నేలలో భాస్వరం ఎక్కువైతే ఇనుము అందడం ఇంకా కష్టమవుతుంది. మీరు వేసిన తరువాత పసుపు పెరగడానికి అది కూడా ఒక కారణమై ఉంటుంది.

పాతపెరడు
అంతా రసాయన శాస్త్రమే అయితే మా అమ్మమ్మ కాలంలో పూల చెట్లు ఎలా బతికాయి? మట్టెవాడలోని మా పాత ఇంట్లో పొయ్యి బూడిద, కోడిగుడ్డు పెంకులు, బియ్యం కడిగిన నీళ్ళు తప్ప ఏమీ వేయలేదు. నూరు వరహాలు, నందివర్ధనం, కనకాంబరాలు కుదురుగా పూసేవి. ముందు పాదుకు రెండు గుప్పెళ్ళ బూడిద వేసి చూడండని నా సలహా.

రసాయనం_సారు
పాతపెరడు గారు, బియ్యం కడిగిన నీళ్ళతో నాకు పేచీ లేదు. బూడిద, గుడ్డు పెంకులు మాత్రం ఈ మొక్కలకు వేయవద్దని గట్టిగా చెప్తాను. కట్టె బూడిదలో పొటాష్ ఉన్న మాట నిజమే, కానీ అది క్షారం. గుడ్డు పెంకు దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేటే. సున్నం ఎక్కువై బాధపడుతున్న మొక్కకు మళ్ళీ సున్నమే పెట్టినట్టు అవుతుంది. ఆమ్లపు నేల ఉన్న చోట ఇవే మంచి ఎరువులు.

జగిత్యాల_జాజి
అమ్మమ్మల కాలానికీ ఇప్పటికీ ఉన్న తేడా నీళ్ళలోనే ఉందని నాకనిపిస్తుంది. అప్పటి ఇళ్ళలో చేదబావి ఉండేది. ఏటా వానలకు నిండే నీరది, పైపొరల్లోని నీరు. ఇప్పుడు వందల అడుగుల లోతు నుంచి, రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీటిని తోడి పూల చెట్లకు పోస్తున్నాము. అంతకాలం రాతితో కలిసి ఉన్న నీటిలో లవణాలు ఎక్కువగా ఉండటం సహజం. పాతపెరడు గారి ఇంటి బూడిద అప్పట్లో హాని చేయకపోవడానికి ఆ బావి నీరే కారణం కావచ్చు. ఆ ఇంట్లో బావి ఉండేదా?

పాతపెరడు
ఉండేది. వేసవిలో కూడా ఎండేది కాదు. ఇప్పుడు దాన్ని పూడ్చి పైన గది కట్టారు. జగిత్యాల_జాజి గారి మాటలో న్యాయం ఉంది. అయినా బూడిదను చేటు అనడం నాకు నచ్చలేదు. మా మేనత్త ఇంట్లో గుమ్మడి, బీర పాదులకు ఇప్పటికీ అదే వేస్తారు.

చల్కనేల
గుమ్మడికీ బీరకూ వేయండి, తప్పులేదు. ఇక్కడ మాట్లాడుతున్నది నూరు వరహాల గురించి, మందారం గురించి. ఏ చెట్టు ఎక్కడి స్వభావంతో పుట్టిందో చూసి పెట్టాలి.

నర్సరీ_మనిషి
కరీంనగర్ రోడ్డు మీద మొక్కలు అమ్ముతాను కాబట్టి అమ్మేవాడి వైపు నుంచి కొన్ని మాటలు చెప్తాను. మన జిల్లాల్లో అమ్ముడయ్యే పూల మొక్కల్లో చాలా భాగం గోదావరి గట్టున ఉన్న కడియం నుంచి లారీల్లో వస్తాయి. వేరు చుట్టూ జిగట మట్టి ముద్దతో, కవరులో వస్తాయి. ఆ ముద్దలో ఉన్నంత కాలం మొక్కకు అక్కడి మట్టే ఆహారం. మొదటి ఏడాది విరగబూసి, రెండో ఏడాది పాలిపోవడం వెనుక ఉన్న సంగతి ఇదే: వేళ్ళు ముద్ద దాటి బయటి మట్టిలోకి వచ్చేసరికి అసలు పరీక్ష మొదలవుతుంది. కొనేవారికి ఈ మాట అమ్మేటప్పుడే చెప్పాలి. తెగులని చెప్పి మందు డబ్బా అంటగట్టడం మా వృత్తిలో ఉన్న చెడ్డ అలవాటు, దాన్ని నేను సమర్థించను.

నా పద్ధతి చెప్తాను. గోడకు కనీసం రెండు అడుగులు వదిలి నాటాలి. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి, కంకర, సిమెంటు పెళ్ళలు ఏరి పారేయాలి. రెండు పాళ్ళు శుభ్రమైన ఎర్రమట్టి, ఒక పాలు బాగా కుళ్ళిన ఆకుల ఎరువు, ఒక పాలు కడిగిన కొబ్బరి పొట్టు కలిపి నింపాలి. కొబ్బరి పొట్టును కడగకుండా వేయవద్దు, దానిలో ఉప్పు ఉంటుంది. నాటేటప్పుడు ఆ జిగట ముద్దను పగలగొట్టకుండా, పైపైన చేతి వేళ్ళతో నాలుగు వైపులా వదులు చేయాలి. లేకపోతే నీరు ముద్ద చుట్టూ జారిపోయి లోపల పొడిగా ఉండిపోతుంది.

ఆకుల మీద మందు చల్లడం గురించి తరువాత ఎవరో చెప్తారు. అది ఆ పూటకు గట్టెక్కిస్తుందే తప్ప మట్టి మారనంత వరకు మళ్ళీ మళ్ళీ చల్లుతూనే ఉండాలి.

పరకాల_రైతుబిడ్డ
చల్లడాన్ని అంత తేలిగ్గా తీసివేయవద్దు. వరి నారుమడి తెల్లబడితే మేము చేసే పని అదే, వారంలో తేడా కనబడుతుంది. మట్టి మార్చే లోపల మొక్క బతకాలి కదా.

కావలసినవి అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేటు), నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం). ఎరువుల దుకాణంలో అన్నభేది, కిరాణా దుకాణంలో నిమ్మ ఉప్పు దొరుకుతాయి. పొలంలో ఇంతకంటే ఎక్కువ మోతాదు వాడతాము, పూల మొక్కల లేత ఆకులకు మాత్రం లీటరు నీటికి 2 నుంచి 3 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు చాలు. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తరువాత అన్నభేది వేయాలి. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగిన పొడి గాలికి పాడైనది, దానితో ఉపయోగం లేదు. కలిపిన నీళ్ళను అప్పుడే వాడేయాలి, మరునాటికి దాచకూడదు. వీలైతే వాన నీళ్ళతో కలపండి. సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల కింది వైపు కూడా తడిసేలా చల్లాలి. పది రోజులకు ఒకసారి చొప్పున రెండు మూడు సార్లు చల్లితే చిగుళ్ళు తిరుగుతాయి. పూర్తిగా తెల్లబడిన ఆకు మళ్ళీ పచ్చబడదు, దాని కోసం మోతాదు పెంచితే మాడిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. షాబాద్ బండలు, టైల్సు మీద పడితే తుప్పు మరక పడి పోనే పోదు. చల్లేటప్పుడు కింద పాత బస్తాలు పరవండి.

గోరింటకొమ్మ
నిమ్మ ఉప్పు బదులు చింతపండు పులుసు పోయవచ్చా? మా ఇంట్లో అదెప్పుడూ ఉంటుంది.

పరకాల_రైతుబిడ్డ
వద్దండి. చింతపండు పులుసులో పులుపుతోపాటు తీపి కూడా ఉంటుంది, చీమలు ఎక్కుతాయి, ఆకు మీద జిగురు మిగులుతుంది. నిమ్మ ఉప్పు ధర కూడా ఎక్కువేమీ కాదు.

హన్మకొండ_వాకిలి
అన్నభేదిని ఆకుల మీద కాక నేరుగా పాదులో వేస్తే శాశ్వతంగా పనిచేయదా?

రసాయనం_సారు
సున్నం ఉన్న మట్టిలో వేసిన అన్నభేది కొద్ది రోజుల్లోనే కరగని రూపంలోకి మారిపోతుంది, అంటే మీ ఎర్రమట్టిలో ఇప్పటికే ఉన్న ఇనుముకు ఇంకాస్త కలిపినట్టే. పాదులో వేయాలనుకుంటే చీలేటెడ్ ఇనుము, అంటే కరగని రూపంలోకి మారకుండా వేరే పదార్థంతో కట్టిన ఇనుము వేయాలి. అందులోనూ రకాలున్నాయి. ఈడీటీఏ అనే పదార్థంతో కట్టిన ఇనుము పీహెచ్ 6.5 దాకా నిలుస్తుంది, ఆ పైన విడిపోతుంది. ఈడీడీహెచ్ఏతో కట్టినది సున్నపు నేలలో కూడా నిలుస్తుంది. నీళ్ళలో వేస్తే ముదురు ఎరుపు రంగు వస్తుంది. ఖరీదు ఎక్కువే అయినా మీ గోడ పక్క మట్టికి పనికివచ్చేది అదొక్కటే. దుకాణంలో అడిగేటప్పుడు చీలేటెడ్ అన్న మాటతో సరిపెట్టుకోకుండా పొట్లం మీద ఏ రకమో చదివి తీసుకోండి.

ఆదిలాబాద్_రేగడి
మా వైపు నల్లరేగడి. తవ్వితే తెల్లటి సున్నపు గడ్డలు బయటపడతాయి. ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటి చెప్తాను: పిడికెడు ఎండు మట్టి మీద నాలుగు చుక్కల నిమ్మరసమో వెనిగరో వేయండి. బుసబుసమని నురగ వస్తే ఆ మట్టిలో సున్నం ఉన్నట్టే. నురగ బాగా వచ్చే మట్టిలో గంధకం వేసి పీహెచ్ తగ్గిస్తామనుకోవడం వృథా ప్రయాస. నేలలోని సూక్ష్మజీవులు గంధకాన్ని ఆమ్లంగా మారుస్తాయి, నిజమే, కానీ ఆ ఆమ్లం ముందుగా సున్నాన్ని కరిగించడానికే ఖర్చయిపోతుంది. ఎన్ని కిలోలు వేసినా మిగిలిన సున్నం మళ్ళీ పీహెచ్‌ను పైకి లాగుతుంది. మేము నేల మీద ఇటుకలతో అడుగు ఎత్తు మడి కట్టి, బయటి మట్టి పోసి పెంచుతున్నాము. రేగడిలో ఇంకొక చిక్కు ఉంది. వానాకాలంలో నీరు నిలిస్తే వేళ్ళకు గాలి ఆడక అప్పుడు కూడా చిగురు ఇలాగే పాలిపోతుంది. ఎత్తు మడి ఆ రెండింటికీ మందు.

నర్సరీ_మనిషి
నురగ రాని మట్టిలో గంధకం పనిచేస్తుంది, కాకపోతే తడి, వెచ్చదనం ఉండాలి, నెలలు పడుతుంది. నత్రజని కోసం యూరియాకు బదులు అమ్మోనియం సల్ఫేటు వేస్తే అది కూడా మట్టిని కొద్దికొద్దిగా ఆమ్లం వైపు తిప్పుతుంది. చిన్న మొక్కకు ఒక చెంచా చాలు, తడి ఉన్నప్పుడే వేయాలి.

మంచిర్యాల_ఎండ
అంచులు మాడుతున్నాయని హన్మకొండ_వాకిలి గారు మొదట్లో రాశారు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా మంచిర్యాలలో ఎండ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే, మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. ఎండకు మాడిన ఆకు పడమర వైపు, పై వైపు ఎక్కువగా మాడుతుంది; లవణాలతో మాడిన ఆకు అన్ని వైపులా కొసల నుంచి, అంచుల నుంచి లోపలికి మాడుతుంది. ఏది జరుగుతోందో చూసుకోండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. ఆ కార్తె ముగిసేదాకా 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ పడమర వైపు కట్టాలి. పాదుల్లో వరిగడ్డి కానీ ఎండుటాకులు కానీ మూడు వేళ్ళ మందాన పరిస్తే నీళ్ళు బాగా మిగులుతాయి. నీళ్ళు తక్కువ పడితే సున్నమూ తక్కువ పడుతుంది. రోజూ చెంబెడు పోయడం కంటే రెండు రోజులకు ఒకసారి వేరు అడుగుదాకా తడిసేలా పోయడం మేలు. కొద్దికొద్దిగా పోస్తే నీరు పైనే ఆరి లవణాలు వేళ్ళ దగ్గరే పేరుకుంటాయి.

హన్మకొండ_వాకిలి
చూశాను. అన్ని వైపులా కొసల నుంచే మాడుతున్నాయి. గడ్డి ఇవాళే తెప్పిస్తాను.

గునుగుపువ్వు
ఇంత శ్రమ ఎందుకన్నది నా ప్రశ్న. ఈ నేలకూ ఈ ఎండకూ అలవాటుపడిన చెట్లు మన చుట్టూ ఉండగా, ఆమ్లపు నేల కోరే మొక్కను తెచ్చి జీవితాంతం మందులతో బతికించడం న్యాయంగా లేదు. తంగేడు మన రాష్ట్ర పుష్పం. గుట్టల మీద, రోడ్ల పక్కన ఎవరూ నీళ్ళు పోయకుండానే బంగారు రంగులో పూస్తుంది. బతుకమ్మకు తంగేడు కావాలని ఊరవతలకు పోయి కొమ్మలు విరిచి తెచ్చే మనం ఇంటి గోడ పక్కన ఒక్క మొక్క పెట్టుకోము. కాగితం పూలు, గన్నేరు, దేవగన్నేరు, పారిజాతం, గోరింట, వీటిలో దేనికీ బోరు నీటి వల్ల ఇంత చేటు జరగడం నేను చూడలేదు.

చల్కనేల
తంగేడు విషయంలో గునుగుపువ్వు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. విత్తనం పైపొర గట్టిగా ఉంటుంది కాబట్టి వేడి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి నాటాలి. చిన్నప్పుడే అది నిలవాల్సిన చోట నాటండి, పెద్దయ్యాక పీకి నాటితే బతకడం కష్టం. గన్నేరు మాత్రం చిన్న పిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో వద్దు. దాని ప్రతి భాగమూ విషమే.

హన్మకొండ_వాకిలి
గునుగుపువ్వు గారు, మీ మాటను గౌరవిస్తాను, గోడ అవతల వైపు ఖాళీలో తంగేడు తప్పక వేస్తాను. కానీ మా అత్తమ్మ తెల్లవారి లేచి దేవుడికి పెట్టేది ఈ ఎర్ర గుత్తులనే. నడుము నొప్పితో ఎక్కువ దూరం పోలేరు. చేయి చాచితే అందే ఎత్తులో, ముల్లు లేకుండా, ఏడాదిలో ఎక్కువ నెలలు పూసే చెట్టని దీన్ని ఎంచుకున్నాము. శ్రమైనా దీన్ని నిలబెట్టుకోవాలనే ఉంది.

గునుగుపువ్వు
అటువంటి కారణం ఉన్నప్పుడు నిలబెట్టుకోవలసిందే. నేను అన్నది కొత్తగా పెట్టేవారి కోసం.

ఓరుగల్లు_గుమ్మం
కాగితం పూల పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా గుమ్మం మీద తీగ గుబురుగా పెరిగింది, ఆకులు నిగనిగలాడుతున్నాయి, పూలు మాత్రం లేవు.

మంచిర్యాల_ఎండ
నీళ్ళు, నత్రజని ఎక్కువయ్యాయి. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ పడుతోందా చూసుకోండి. పడుతుంటే ఎరువు ఆపి, ఆకులు కాస్త వాడే దాకా నీళ్ళు ఆపి, అప్పుడు పోయండి. పాత కొమ్మలను కత్తిరిస్తే వచ్చే కొత్త కొమ్మల మీద రంగు రేకులు వస్తాయి. అసలు పువ్వు ఆ రేకుల నడుమ ఉండే చిన్న తెల్లని గొట్టం.

మేడమీద_మందారం
నా కుండీల సంగతి మరుగున పడింది. చల్కనేల గారి ప్రశ్నలకు నా జవాబులు: పసుపు ముదురు ఆకుల్లో మొదలైంది, ఈనెలు పచ్చగా ఏమీ లేవు, ఆకంతా సన్నటి చుక్కలతో పాలిపోయినట్టుంది. కింది వైపు పట్టుకుంటే గరుకుగా, దుమ్ము పట్టినట్టుంది.

పరకాల_రైతుబిడ్డ
అది ఇనుము లోపం కాదు, ఎర్రనల్లి. ఆకును తెల్ల కాగితం మీద దులపండి, కదిలే చుక్కలు కనబడతాయి. ముదిరితే సన్నటి గూడు కూడా కడుతుంది. వేడి, పొడి గాలి దానికి అనుకూలం, అందుకే వేసవిలో మేడ మీద ఎక్కువ. మూడు నాలుగు రోజులకొకసారి ఆకుల కింది వైపు పైపుతో బలంగా నీళ్ళు కొట్టండి. సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి చల్లండి. కనబడ్డ పురుగుకల్లా ఘాటు మందులు కొట్టకండి. నల్లిని తినే పురుగులు ముందు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది. మందారానికి పిండినల్లి కూడా వస్తుంది, అప్పుడు చీమల దారి చూడండి. దాని తీపి రసం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి.

మేడమీద_మందారం
దులిపి చూశాను. కదులుతున్నాయి. అన్నభేది కొననందుకు సంతోషం.

జగిత్యాల_జాజి
ఇన్ని చేసినా మొక్క తిరగకపోతే ఒక మొక్కను తవ్వి వేళ్ళు చూడాలి. వేళ్ళ మీద బుడిపెలుంటే అది నులిపురుగు. నూరు వరహాలకూ మందారానికీ అది పడుతుంది, పైన చూస్తే పోషక లోపం లాగే కనబడుతుంది. పాదుకు పిడికెడు వేపపిండి కలపడం ముందు జాగ్రత్తగా మంచిది. మట్టిని భూసార పరీక్షకు ఇచ్చేటప్పుడు నీళ్ళను కూడా ఇవ్వండి, మట్టి ఒక్కటే చూస్తే సగం సంగతే తెలుస్తుంది. ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళను అడగాలనుకుంటే, అది ఉన్న ములుగు సిద్దిపేట జిల్లాలోనిది. మన పక్కన ఉన్న ములుగు అనుకుని బయలుదేరకండి.

కాజీపేట_కప్పు
నీళ్ళ సంగతికి తిరిగి వస్తాను, ఎందుకంటే రోగమంతా అక్కడే ఉంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 1000 లీటర్ల నీరు దిగుతుంది. అందులో సున్నం లేదు, బైకార్బొనేట్లు లేవు. మృగశిర కార్తెలో పడే మొదటి వానను వదిలేయాలి, కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్టలు దానితో పోతాయి. తరువాతి వానలను డ్రమ్ముల్లో పడితే వానల మధ్య వచ్చే ఎండు రోజులకు పనికివస్తుంది. ఏడాదంతటికీ సరిపోదు కానీ నూరు వరహాలకు మాత్రమే వాడుకుంటే చాలాకాలం వస్తుంది. నల్లా నీళ్ళు వచ్చే ఇంట్లో ఆ నీళ్ళు బోరు కంటే మేలు, చెరువులు, రిజర్వాయర్ల నీరు కాబట్టి సున్నం తక్కువ. క్లోరిన్ వాసన ఉంటే రాత్రంతా తెరిచి ఉంచి పోయండి. ఏసీ నుంచి కారే నీరు కూడా మెత్తని నీరే. నీళ్ళు శుద్ధి చేసే యంత్రం బయటకు వదిలే నీటిని మాత్రం పూల చెట్లకు పోయవద్దు. బోరు నీటిలోని లవణాలన్నీ అందులోనే చిక్కబడి ఉంటాయి.

పాతపెరడు
ఆ వృథా నీళ్ళను పారబోయడానికి మనసొప్పక అందరమూ చెట్లకే పోస్తున్నాము. ఇక బండలు కడగడానికి వాడతాము.

హన్మకొండ_వాకిలి
ఆశ్లేష కార్తె వానలు పడుతున్నాయి, ఇప్పటివరకు జరిగింది రాస్తున్నాను. పరీక్షలో మట్టి పీహెచ్ గోడ పక్కన 8.3, గేటు దగ్గర 7.4 వచ్చింది. నిమ్మరసం పరీక్షలోనూ గోడ పక్క మట్టే నురగ పట్టింది. వేసవిలో గడ్డి పరిచి, నెట్ కట్టి, పరకాల_రైతుబిడ్డ గారు చెప్పినట్టు అన్నభేది చల్లాము. రెండోసారి చల్లిన తరువాత వచ్చిన చిగుళ్ళు పచ్చగా వచ్చాయి. వానలు మొదలయ్యాక గోడ పక్కన బాగా దెబ్బతిన్న మొక్కలను ముద్దతో సహా తవ్వి, గోడకు రెండున్నర అడుగుల ఎడంగా, నర్సరీ_మనిషి గారు చెప్పిన మట్టిలో తిరిగి నాటాము. వాటిలో ఒకటి నిలవలేదు. మిగతావి కొత్త ఆకు వేశాయి, ఇంకా పూయలేదు. కదపని మొక్కలకు ఈడీడీహెచ్ఏ ఇనుము పాదులో పోశాము. వాటి మార్పు నెమ్మదిగా ఉంది కానీ ఉంది.

నర్సరీ_మనిషి
తిరిగి నాటిన మొక్కలకు ఈ ఏడాది గుత్తులు ఆశించకండి. మొగ్గ కనబడితే తుంచేయండి, వేరు కుదురుకుంటుంది. కొమ్మలను మూడో వంతు కత్తిరిస్తే వేళ్ళ మీద భారం తగ్గుతుంది.

రసాయనం_సారు
వానలు ఆగి మళ్ళీ బోరు మొదలుపెట్టినప్పుడు, అంటే దసరా తరువాత, చిగుళ్ళను గమనిస్తూ ఉండండి. పసుపు కనబడగానే చల్లితే ఒకసారితోనే సరిపోవచ్చు, ఆకు తెల్లబడేదాకా ఆగవద్దు.

గోరింటకొమ్మ
వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టాలని మాకూ ఉంది, కానీ దోమల భయంతో ఇంట్లో వద్దంటున్నారు. డెంగీ రోజులు కదా.

కాజీపేట_కప్పు
భయం సరైనదే. డెంగీ దోమ గుడ్డు పెట్టినప్పటి నుంచి ఎగిరే దోమ అయ్యేదాకా వారం పది రోజులే పడుతుంది. డ్రమ్ము మూతికి సన్నటి దోమతెర గుడ్డను రెండు మడతలుగా వేసి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టండి, గొట్టం దిగే చోట కూడా సందు ఉండకూడదు. నీళ్ళను పైనుంచి ముంచుకోకుండా అడుగున నల్లా పెట్టించుకుంటే మూత తీయాల్సిన అవసరమే రాదు. డ్రమ్ము ఎండ పడని చోట ఉంటే లోపల పాచి కూడా పట్టదు.